కపాలము దాటిన వెలుగు

చీకటి గదిలో టార్చిలైటు ముఖమును అరచేతితో గట్టిగా మూసి వెలిగించుట పల్లె పిల్లలకు పరిచితమైన ఆట. చేయి యంతయు మోదుగుపూవు వలె ఎఱ్ఱగా వెలుగును. దీపమునుండి బయలుదేరిన తెల్లని వెలుగులో అన్ని వర్ణములును కలవు. అందు నీలమును, ఆకుపచ్చను చేతిలోని రక్తము త్రాగివేయును. ఎఱుపు మాత్రము మాంసమును దాటి ఈవలకు వచ్చును. ఎముక సైతము దానిని పూర్తిగా ఆపజాలదు. ఈ ఆటలోని రహస్యమే నేడు డాక్టరేటు పట్టమునకై శ్రమించు పరిశోధకుల చేతిలో మనుష్యుని మెదడును పరీక్షించు సాధనమైనది. వెలుగు కపాలము దాటి లోనికి పోయి, మరల వెలుపలికి వచ్చి, ఒక వార్త చెప్పుచున్నది. ఆ వార్త యెంతవరకు సత్యము? దానికి మించి మనము పలికిన పలుకు ఎవరిది? ఈ ప్రశ్న ప్రయోగశాలకు మాత్రమే చెందినది కాదు. ముసలి తల్లిదండ్రులు గల ప్రతి యింటికిని, గురుశిష్యులు గల ప్రతి మఠమునకును చెందినది.

ముందుగా వెలుగు చేయు పని యెట్టిదో తెలిసికొనవలయును. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు గోదావరి జిల్లాలలోని ఎన్నియో యిండ్లలో వ్రేలికి తగిలించుకొను ఆక్సీమీటరు ప్రవేశించెను. చదువురాని ముసలమ్మలు సైతము తొంబదియైదు, తొంబదియాఱు అని అంకెలు చెప్పుకొనిరి. ఆ చిన్న పరికరములో రెండు దీపములు కలవు. ఒకటి కంటికి కనబడు ఎఱుపు. రెండవది కంటికి కనబడని పరారుణము. ప్రాణవాయువును మోయుచున్న రక్తము ఎఱ్ఱకాంతిని తక్కువగా గ్రహించును. దానిని విడిచివేసిన రక్తము ఎక్కువగా గ్రహించును. పరారుణము విషయమున ఇది తలక్రిందులగును. రెండు కాంతులలో ఏది యెంత మిగిలి వచ్చినదో పోల్చి, రక్తమున ప్రాణవాయువు పాలు ఎంతయో లెక్కకట్టుదురు. ఈ ఉపాయమును 1974లో జపాను దేశీయుడగు టకువో అవొయాగి లోకమునకు తెలిపెను.

వ్రేలికి పనికివచ్చిన వెలుగు తలకు పనికిరాదా? వచ్చునని 1977లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున ఫ్రాన్స్ యోబ్సిస్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. కాంతి తరంగముల పొడవును నానోమీటర్లలో కొలుతురు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు ఒక నానోమీటరు. సుమారు 650 నానోమీటర్లకు లోపలి కాంతిని రక్తము త్రాగును; 900 దాటిన కాంతిని దేహములోని నీరు త్రాగును. ఈ రెండు దాహముల నడుమ సన్నని కిటికీ యొకటి తెఱచియున్నది. ఆ కిటికీగుండా పోయిన వెలుగు చర్మమును, ఎముకను దాటి మెదడు పైపొరను తాకి రాగలదు.

అచ్చట అది చూచునదేమి? దేహపు బరువులో మెదడు నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని దేహము వ్యయపఱచు శక్తిలో ఐదవ వంతు దానికే కావలయును. అది గాదెలో ధాన్యము దాచుకొను రైతు వంటిది కాదు; ఏ పూట కూలి ఆ పూట తిను బీదవాని వంటిది. మెదడులో ఏ భాగము పనికి పూనుకొనునో ఆ భాగమునకు రక్తము అధికముగా పరుగెత్తును. ఆ పరుగు ఐదాఱు సెకనులలో పతాకస్థాయికి చేరును. అప్పుడచ్చటి రక్తపు రంగు స్వల్పముగా మాఱును. వెలుగు తెచ్చు వార్త అంతయు ఇంతియే. తలపు కాదు, భావము కాదు, భక్తి కాదు, పాపము కాదు. తలపునకు ఊడిగము చేయు రక్తపు రంగులో ఆలస్యముగా వచ్చిన మార్పు.

ఈ స్వల్పవార్తను పట్టుకొనుటకు పరిశోధక విద్యార్థి పడు పాట్లు చెప్పదగినవి. తలకు గుడ్డటోపీ తొడిగి, అందు ఒకచోట దీపమును, దానికి మూడు సెంటీమీటర్ల దూరమున కాంతిగ్రాహకమును అమర్చును. పాలగిన్నెలో వెలుగు ప్రసరించినచో అది తిన్నగా పోక నలుదెసల చెదరును, తలలోను అట్లే. చెదరిన వెలుగులో అత్యల్పభాగము మాత్రము విల్లువలె వంగి లోనికి పోయి గ్రాహకమును చేరును. అదియు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు లోతు వఱకే. మెదడు లోతులలో నున్నది దానికి అగమ్యము. పైగా పోవునప్పుడొకసారి, వచ్చునప్పుడొకసారి తలచర్మము దాటవలెను. చర్మములోను రక్తమున్నది. ఆ మనుష్యుడు సిగ్గుపడినను, పండ్లు బిగించినను, ఊపిరి నిలిపినను ఆ రక్తపు రంగు మాఱును. అందుచేత మెదడును చేరని మఱియొక గ్రాహకమును దీపమునకు అతి సమీపమున అమర్చి, చర్మము చెప్పు వార్తను వేఱుగా విని, దానిని మొత్తములోనుండి తీసివేయవలెను. ఇతరుల మాటలు కలిసిపోయిన సాక్ష్యమునుండి సాక్షి మాట నొక్కదానిని వేఱుచేయు న్యాయమూర్తి శ్రమ వంటిదే ఇది.

మఱియొక చిక్కు కలదు. నల్లని దట్టమైన కేశములు వెలుగును మ్రింగివేయును. కొబ్బరినూనె వ్రాసి బిగియ జడ వేసిన మన స్త్రీల తలమీద ఈ టోపీ అమర్చు విద్యార్థి, పుల్లతో వెంట్రుకలను పాయలు తీయుచు గంటసేపు కష్టపడవలెను. కష్టపడలేనివాడు అట్టివారిని లెక్కలోనుండి తొలగించును. నల్లని చర్మము గలవారి వ్రేళ్లమీద ఆక్సీమీటరు ఉన్నదానికంటె ఎక్కువ ప్రాణవాయువు చూపి, వారి ఆపదను కప్పిపుచ్చుచున్న సందర్భములు హెచ్చుగా నున్నవని 2020లో అమెరికాలో ఒక పరిశోధన వెల్లడించెను. కొలతకు లొంగనివారిని విడిచి, లొంగినవారి కొలతనే మానవజాతి కొలతగా చెప్పుట తప్పు. కులవృత్తుల పేరిట లెక్కలోనుండి తొలగింపబడినవారిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టిన బసవేశ్వరుని అనుయాయులకు ఈ తప్పు ఎట్టిదో వేఱుగా చెప్పవలసిన పని లేదు.

వెలుగు చెప్పినంతయే వ్రాయవలెను, చెప్పినదంతయు వ్రాయవలెను అను నియమమునకు దృష్టాంతము వెదకుటకు గోదావరి మండలము దాటి పోనక్కరలేదు. డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. రాజమహేంద్రవరమున చదివిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మద్రాసులో మూడవసారి కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, రావలసిన పట్టమునకు తక్కువైన పట్టముతో తృప్తిపడవలసి వచ్చెను. 1923లో బోస్టను నగరము చేరి, రాత్రులు ఆసుపత్రిలో హీనమని యెంచబడు పనులు చేసి పొట్టపోసికొనుచు, పగళ్లు హార్వర్డులో చదివిరి. కాయకమున హెచ్చుతగ్గులు లేవని నోటితో చెప్పువారు పెక్కుమంది. చేసి చూపినవారిలో వీరొకరు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు 1925లో ప్రకటించిన పద్ధతి కూడ రంగును బట్టి దేహమును తెలిసికొను పద్ధతియే. రక్తమునుండి తీసిన ద్రవమునకు కొన్ని రసాయనములు చేర్చినచో అందలి భాస్వరము నీలిరంగును పుట్టించును. భాస్వరమెంత యెక్కువయో నీలమంత గాఢము. భాస్వరపు పాలు ముందే తెలిసిన ద్రవమొక గాజుపాత్రలోను, తెలియని ద్రవము మఱియొకదానిలోను పోసి, రెండు నీలములును కంటికి సమానముగా తోచువఱకు సరిపోల్చి లెక్కకట్టవలెను. రసాయనశాలలలో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యని నేటికిని విద్యార్థులు నేర్చుకొనుచున్నది ఇదియే.

ఈ పద్ధతిని కండరముల ద్రవముమీద ప్రయోగించినప్పుడు ఒక వింత కనబడెను. నీలిరంగు రావలసినంత వేగముగా రాలేదు. నిమిషములు గడచుకొలది మెల్లమెల్లగా గాఢమగుచుండెను. తొందరపాటు గలవాడు రసాయనము చెడినదని పాఱబోసి యుండును. గడుసువాడు తనకు అనుకూలమైన నిమిషమున అంకె వ్రాసికొని యుండును. వారు రెండును చేయలేదు. ఆలస్యమేల కలుగుచున్నదని ఆ ఆలస్యమునే ప్రశ్నించిరి. భాస్వరము క్రియాటిన్ అను పదార్థముతో ముడివడియున్నదనియు, ఆమ్లములో ఆ ముడి మెల్లగా విడివడుచున్నందుననే రంగు ఆలస్యముగా వచ్చుచున్నదనియు 1927లో తేల్చిరి. కండరము శ్రమించునప్పుడు ఆ ముడి విడివడును. విశ్రమించునప్పుడు మరల ముడివడును. 1929లో కండరశక్తికి మూలమైన ఏ.టి.పి. అను పదార్థమును వేఱుపఱచిరి. అదే కాలమున జర్మనీలో కార్ల్ లోమన్ కూడ స్వతంత్రముగా దానిని కనుగొనెను. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు లభించెను. మెదడులో రక్తము పరుగెత్తి పోవుట చివరకు ఈ ఏ.టి.పి. తఱుగును పూరించుటకే. కావున కపాలముమీద దీపముంచి నేటి విద్యార్థి చదువుచున్నది, భీమవరమువారు గాజుపాత్రలో చదివిన గ్రంథములోని మఱియొక పుటయే.

రంగులో కనబడినది కండరపు బలమని వారు చెప్పిరి. ఆ బలముతో మనుష్యుడు బరువు మోసెనా, పరుని కొట్టెనా అను సంగతి నీలిరంగు చెప్పదు, వారును చెప్పలేదు. మెదడు విషయమునకు వచ్చునప్పటికి ఈ హద్దు మఱపునకు వచ్చుచున్నది. ఏలయన, కండరముమీద మనకు లేని ఆశ మెదడుమీద గలదు. ఎదుటివాని లోపల ఏమున్నదో వానిని అడుగకయే తెలిసికొనవలెనను ఆశ అది.

ఇటలీ దేశమున టురిన్ నగరములో ఆంజెలో మొస్సో అను శరీరశాస్త్రజ్ఞుడు పంతొమ్మిదవ శతాబ్ది చివరిభాగమున బెర్టినో అను రైతును పరీక్షించెను. తలకు గాయమై కపాలములో కొంతభాగము లోపించుటచే ఆ రైతు మెదడు కొట్టుకొనుట పైకి తెలియుచుండెను. మొస్సో దానిని ఒక పరికరముతో కాగితముమీద గీతగా వ్రాయించెను. ఒకనాడు మధ్యాహ్నము చర్చిగంట మ్రోగెను. వెంటనే గీత పైకి లేచెను. గంట విని ప్రార్థన చేయవలెనని జ్ఞప్తికి వచ్చినదా యని మొస్సో అడిగెను. వచ్చినదని బెర్టినో బదులు చెప్పెను. చెప్పునప్పుడు గీత మరల లేచెను.

ఈ వృత్తాంతమును చెప్పువారు గీత లేచినదని అబ్బురపడుదురు. అబ్బురపడవలసినది మొస్సో అడిగినందులకు. గీత లేచుట కారణమేమో గీతను చూచి తెలియలేదు. భక్తిచే లేచెనో, వేళకు ప్రార్థన చేయనందులకు నొచ్చుకొనుటచే లేచెనో, మధ్యాహ్నమున ఆకలి గుర్తువచ్చి లేచెనో రక్తమునకు తెలియదు. అడిగిన తరువాత, ఆ రైతు తన నోట చెప్పిన తరువాత, గీతకు అర్థము వచ్చెను. బెర్టినో మాట లేనిచో ఆ కాగితముమీద మిగులునది సిరాగీత.

ఇట్లయినను, ధ్యానము చేయువారి తలకు యంత్రములు తగిలించి, వారి నుదుటివెనుక రక్తప్రసారము మాఱుచున్నదని చూపి, మా పూజను శాస్త్రము రుజువు చేసినదని సంతోషించువారు అన్ని మతములయందును ఉన్నారు; వీరశైవులయందును లేకపోలేదు. ఎడమ అరచేత ఇష్టలింగమును నిలిపి, దృష్టిని దానియందు లగ్నము చేసి కూర్చున్న భక్తునికి ఈ టోపీ తొడిగినచో ఏవో మార్పులు కనబడవచ్చును. పద్దులపుస్తకముమీద దృష్టి నిలిపిన వర్తకుని తలలోను అట్టివే కనబడవచ్చును. రక్తపు రంగు పూజకు సాక్ష్యమైనచో, రంగు మాఱని నాడు పూజ అబద్ధమని ఒప్పుకొనవలసి వచ్చును. అట్లు ఒప్పుకొనుటకు సిద్ధపడనివాడు ఆ సాక్షిని పిలువనే రాదు. లింగాంగ సామరస్యమునకు బయటి సాక్షిని తెచ్చుకొనుట, తన యింటి దీపము వెలుగుచున్నదో లేదో పొరుగువానిని అడిగినట్లుండును.

కల్యాణములో 12వ శతాబ్దమున అనుభవమంటపము నడచిన తీరును ఇచ్చట స్మరింపవలెను. ఒకరి అనుభవమును మఱియొకరు చెప్పు సంప్రదాయము అచ్చట లేదు. చాకలివృత్తి మడివాళ మాచయ్య తన మాట తాను చెప్పెను. అక్కమహాదేవి వచ్చినప్పుడు అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెనని సంప్రదాయము. ప్రశ్నించెనే గాని, నీ మనస్సు నాకు ముందే తెలియునని ఆమెకు బదులుగా సమాధానము చెప్పలేదు. అంతటి జ్ఞాని సైతము అడిగి, విని, అప్పుడు అంగీకరించెను. శిష్యుని ముఖము చూచినంతనే వాని అంతరంగమును చెప్పుదుమని బిరుదులు కట్టుకొనువారు ఈ సంగతి యోచింపదగును.

చెప్పగలవానిని అడుగవచ్చును, చెప్పలేనివాని మాట ఏమి? ఇచ్చట ధర్మసంకటము నిజముగా ఆరంభమగును. ఒక విధమైన నరములవ్యాధిలో మనుష్యుని దేహమంతయు క్రమముగా కదలిక కోల్పోవును. చివరకు కనుగ్రుడ్డు కూడ కదలదు. లోపల తెలివి యున్నదో లేదో తెలియదు. 2017లో జర్మనీలోని పరిశోధకులు అట్టి నలుగురు రోగుల తలలకు పైన చెప్పిన వెలుగుటోపీనే తొడిగి, ప్రశ్నలు వేసి, రక్తపు రంగునుబట్టి అవును, కాదు అను సమాధానములు గ్రహించితిమని ప్రకటించిరి. సంతోషముగా నున్నారా యని అడుగగా అవునని చెప్పిరట. ఒక తండ్రిని, కుమార్తె తాను కోరినవానిని వివాహమాడవచ్చునా యని అడుగగా, పదిసార్లలో తొమ్మిదిసార్లు వలదని చెప్పెనట. లోకమంతయు ఆనందించెను. ఏండ్లతరబడి మూగవడిన మంచమునుండి మాట వచ్చినదనినచో ఆనందింపని హృదయమేది?

పిమ్మట ఆ విశ్వవిద్యాలయమునకే చెందిన ఒక గణనశాస్త్ర పరిశోధకుడు ఆ అంకెలను మరల లెక్కకట్టి, వానినుండి అట్టి సమాధానములు రావని ఆక్షేపించెను. పెద్దలను ఎదిరించుట పడుచువారికి ఏ దేశమునను సులభము కాదు. విచారణ జరిగెను. 2019లో ఆ పత్రిక వ్యాసమును ఉపసంహరించెను. ముఖ్యపరిశోధకులు దానికి అంగీకరింపలేదు. తమ ఫలితములు సత్యములే యని పట్టుపట్టిరి. వారి మనస్సులో నున్నది మోసమో, రోగులయెడ దయయో చెప్పుట మన పని కాదు. అదియు ఒకరి అంతరంగమును గూర్చి తీర్పు చెప్పుటయే యగును. కాని ఆ కుమార్తె సంగతి మనస్సును వదలదు. వలదన్నది తండ్రియా, లెక్కలోని పొరపాటా? ఈ రెండింటిలో ఏదో తెలియకుండ ఆమె తన జీవితమును ఎట్లు నిర్ణయించుకొనవలెను? దయచే చెప్పినను, అసత్యము అసత్యము చేయు పనియే చేయును.

మన దేశమున ఇదే ఆశ న్యాయస్థానము గడప త్రొక్కెను. వెలుగుతో కాదు, తలకు విద్యుద్గ్రాహకములు తగిలించి మెదడు తరంగములను చదువు మఱియొక పద్ధతితో. నేరము చేసినవాని జ్ఞాపకము తరంగములలో బయటపడునని దానిని కల్పించినవారి వాదము. 2008లో పుణె నగరములో ఒక హత్యకేసున అట్టి పరీక్షను కూడ సాక్ష్యముగా గ్రహించి శిక్ష విధించిరి. 2010 మే 5వ తేదీన సుప్రీంకోర్టు సెల్వి కేసులో తీర్పు చెప్పుచు, ఇట్టి పరీక్షలను మనుష్యుని సమ్మతి లేక బలవంతముగా జరుపరాదనెను. తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యమిచ్చునట్లు ఎవరిని నిర్బంధింపరాదని చెప్పు రాజ్యాంగము 20వ అధికరణమును ఆధారముగా చూపెను. నోరు మూసికొని యుండు హక్కు గలవానికి కపాలము మూసికొని యుండు హక్కును గలదని తాత్పర్యము.

వెలుగును నిందించుటకు ఇదంతయు చెప్పుట కాదు. నెలలు నిండక పుట్టిన శిశువు కపాలము పలుచన. వెలుగు సులభముగా దాటును. ఆ పసికందు మెదడునకు ప్రాణవాయువు చాలినంత చేరుచున్నదా లేదా యని వైద్యులు ఈ దీపముతో కనిపెట్టగలుగుచున్నారు. అచ్చట వెలుగును అడుగుచున్నది దానికి తెలిసిన సంగతి. అమ్మమీద ప్రేమ యున్నదా యని ఎవరును అడుగుట లేదు.

తెలియని సంగతి అడుగుటకు యంత్రమే కావలెనని లేదు. డెల్టా గ్రామములలో పక్షవాతముచే మాట పడిపోయిన పెద్దలు గల యిండ్లు కొల్లలు. కొబ్బరితోట పంపకము వచ్చును. మనుమరాలి సంబంధము వచ్చును. అరుగుమీద కూర్చున్న కొడుకులలో ఒకడు, నాన్నగారి యిష్టము ఇదియే యనును. రెండవవాడు, నాన్నగారు ఎప్పుడును అట్లనలేదనును. ఇద్దఱును తమ కోరికనే తండ్రి నోట పెట్టుచున్నారు. ఇద్దఱికిని అది తమ కోరిక యని తోచదు. తమ నిర్ణయము తమదని చెప్పి, దాని భారము తాము మోయుట కష్టము. తండ్రిది యన్నచో భారము తండ్రికి పోవును, ఆయన కాదనలేడు.

ఆ యింట కూతురొకతె యుండును. పంపకమున ఆమె పేరు చివర వచ్చును. రాత్రి అందఱు నిద్రించిన పిమ్మట మంచము ప్రక్కన పీటవేసికొని కూర్చుండి, తండ్రి చేయి పట్టుకొని, నాన్నా, తోట సంగతి వింటిరా, మీకు సమ్మతమైనచో వ్రేలు నొక్కుడనును. కొంతసేపు ఏమియు నుండదు. పిదప వ్రేలు కదలినట్లుండును. నొక్కెనో, వణకెనో తెలియదు. ఆమె దీపము కొంచెము దగ్గరకు జరుపుకొని, ఇంకొకసారి నెమ్మదిగా అడుగును.